మార్కుల పట్టికా, విమర్శా?

మా వాడపల్లిలో కొందరు విద్యార్థులూ, చుట్టుపక్కల బడులలో పనిచేసే కొందరు ఉపాధ్యాయులూ కలిసి నెలకొక సినిమా చూసి చర్చించుకుంటున్నారు. మంచి పని. నేనూ పోతూనే వున్నాను. కాని ఈ మధ్య వాళ్లు చర్చకు బదులు ఒక పట్టిక తయారుచేసి గోడకు అంటించారు. వస్తువుకు 40, వర్గదృక్పథానికి 20, శాస్త్రీయ దృక్పథానికి 15, శిల్పానికి 15, నటనా సంగీతాలకు 10. వెరసి వంద. ఎవరికి వారే మార్కులు వేసి, సరాసరి తీసి, సినిమా పేరు పక్కన రాస్తారు. అరవై దాటినవి చూపదగినవి, దాటనివి కానివి. దీనివల్ల విమర్శలో మనోగతవాదం పోతుందనీ, నిన్న ఒకటీ నేడు ఒకటీ అనే నిలకడలేనితనం పోతుందనీ వాళ్ల వాదం.

ఈ వాదం తప్పని చెప్పటానికే ఈ వ్యాసం. వాళ్లమీద కోపంతో కాదు. వాళ్లు ఇప్పుడు చేస్తున్న పనిని నేను యాభై సంవత్సరాల క్రితమే మొదలుపెట్టాను గనుక.

1974లో, కాలేజీలో చదివే రోజుల్లో, చూసిన ప్రతి సినిమాకూ నూటికి ఇన్ని మార్కులని ఒక నోటుపుస్తకంలో రాయటం ప్రారంభించాను. నా దగ్గరా ఒక కొలత వుండేది; శీర్షికలు వేరైనా ఆత్మ ఇదే. ఆ పుస్తకం ఇప్పటికీ వుంది. అందులో పాతాళభైరవి (1951) ఒక్కదానికే మూడు అంకెలున్నాయి. 1974లో 78. 1980లో దాన్ని కొట్టివేసి 41. 1996లో మా బడి పిల్లలతో కూర్చుని చూసిన తర్వాత 66. సినిమాలో ఒక్క అడుగు ఫిల్ము కూడా మారలేదు. మరి మారిందెవరు?

మొదటిసారి చూసినవాడు నేపాళ మాంత్రికుడి మాటలకు ఒళ్లు మరిచిన కుర్రవాడు. రెండవసారి అంకె దిద్దినవాడు సినిమా చూడనే లేదు. రాజులూ రాకుమార్తెలూ వున్న కథ కాబట్టి భూస్వామ్య భావజాలమని ఇంట్లో కూర్చునే తీర్పు చెప్పాడు. మూడవసారి ఒక ఎనిమిదో తరగతి పిల్లవాడు అడిగాడు: "మాస్టారూ, తోటమాలి కొడుక్కి పిల్లనివ్వాలంటే నా అంత ఆస్తి సంపాదించుకు రా అన్నాడు కదండీ రాజు, మరి ఆ రాజు ఎట్లా సంపాదించాడండీ?" నేను 78 వేసినప్పుడూ, 41 వేసినప్పుడూ నా బుర్రకు తట్టని ప్రశ్న అది. 66 అనే అంకెలో ఆ ప్రశ్న ఎక్కడుంది? లేదు. నా పుస్తకంలో ఆ అంకె ఎందుకు పెరిగిందో ఒక్క ముక్క రాసిపెట్టలేదు. ఆ పిల్లవాడి మాట నాకు జ్ఞాపకం వుండబట్టి సరిపోయింది.

ఇక ఆ 1980 సంగతి దాచకుండా చెప్పాలి. మా భూమి (1979) చూసి వచ్చిన రాత్రి నేను నిద్రపోలేదు. మరునాడు ఆ సినిమాకు 96 వేశాను. అంతటితో ఆగితే బాగుండేది. దానికి 96 అయితే దేవదాసు (1953)కు 80 ఎట్లా వుంటుంది? మాయాబజార్ (1957)కు 85 ఎట్లా వుంటుంది? వారం రోజులు కూర్చుని, రబ్బరు ముక్కతో పాత అంకెలన్నీ చెరిపి, ఒక్కొక్కదాన్నే కిందికి దించాను. వరస కుదిరింది. ఎక్కడా వైరుధ్యం లేదు. పుస్తకం చూసినవాళ్లు, ఎంత నిలకడగల మనిషి అనుకునేటట్టు వుంది. పాతాళభైరవి దగ్గర మాత్రం రబ్బరుకు బదులు కలం వాడాను గనుక ఆ 78 బతికి బయటపడింది. మిగిలినవాటిలో ఆ పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ఏమనుకున్నాడో నాకిప్పుడు తెలియదు. కాగితం మీద గరుకుదనం తప్ప ఏమీ మిగల్లేదు. నిలకడ కోసం నేను చేసింది సాక్ష్యాన్ని చెరపటం.

పోనీ, ఆ వరస అయినా నిలిచిందా? దాసి (1988) వచ్చింది. గడీలో బానిసగా బతికే ఒక స్త్రీ రోజువారీ జీవితం. అందులో తిరుగుబాటు లేదు, ఎర్రజెండా లేదు, ఆశ చూపించే చివరి దృశ్యం కూడా లేదు. ఆమె మౌనం వుంది. చూసినవాడికి గొంతులో ముల్లు దిగినట్టుంటుంది. నేను 84 వేశాను. ఎందుకంటే 96ను దాటించటానికి మనసొప్పలేదు. పోరాటం చూపినదాని కంటే చూపనిది ఎట్లా పైకి పోతుంది? నిజానికి ఆ రెండు సినిమాలూ ఒకదానితో ఒకటి పోటీ పడటం లేదు. జనం ఎట్లా లేచారో ఒకటి చెప్పింది. లేవక ముందు ఒక మనిషి శరీరాన్ని దొరతనం ఎట్లా వాడుకుందో రెండవది చెప్పింది. రెండవది తెలియనివాడికి మొదటిదాని బరువు సగమే తెలుస్తుంది. పరస్పరం వెలుగునిచ్చే రెండింటిని నా పట్టిక పై మెట్టూ కింది మెట్టూ చేసింది.

చదువుచెప్పే మిత్రులకు ఇందులో ఆశ్చర్యం వుండకూడదు. మన సమాధాన పత్రాల సంగతి మనకు తెలియదా? 1912లో అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు ఒకే ఇంగ్లీషు సమాధాన పత్రానికి నకళ్లు తీయించి నూటికి పైగా ఉపాధ్యాయుల చేత దిద్దించారు. 64 నుంచి 98 దాకా వచ్చాయి మార్కులు. ఇంగ్లీషు కాబట్టి అట్లా అయిందనుకుంటారేమోనని మరుసటి సంవత్సరం రేఖాగణితం పత్రంతో చేసి చూశారు. తేడా తగ్గలేదు సరికదా, పెరిగింది. ఒకే పత్రాన్ని అంతమంది దిద్దితే జరిగింది ఇది. అన్నం తినక ముందు దిద్దిన కట్టకూ, తిన్న తర్వాత దిద్దిన కట్టకూ ఎంత తేడా వుంటుందో ఆ పని చేసిన ప్రతివారికీ తెలుసు, పైకి చెప్పరుగాని. అయినా పరీక్షకు ఒక పాఠ్యపుస్తకం వుంది, ఒక ప్రశ్న వుంది, ఆ ప్రశ్న వేసినవాడు వున్నాడు. మల్లీశ్వరి (1951) మనం ఇచ్చిన ఏ ప్రశ్నకు సమాధానం? ఏ ప్రశ్నకూ కాదు. అదే మనల్ని ప్రశ్నిస్తుంది. జవాబు చెప్పవలసినవాడు ఎర్రసిరా పట్టుకుని కూర్చోవటం విడ్డూరం కాదా?

అసలు సినిమాలకు ఈ అంకెల కొలత ఎక్కడనుంచి వచ్చిందో చూడండి. 1928లో న్యూయార్కు డైలీ న్యూస్ అనే పత్రిక సినిమా సమీక్ష పక్కన నక్షత్రాలు ముద్రించటం మొదలుపెట్టింది. మూడు నక్షత్రాలకు ఇన్ని అని లెక్క. టిక్కెట్టు కొనేవాడికి చదివే శ్రమ లేకుండా సరుకు నాణ్యత చెప్పటం దాని ప్రయోజనం. ఆ పనికి అది పనికివస్తుంది, కాదనను. బియ్యం బస్తా మీద రకం రాసినట్టే. నక్షత్రాల పద్ధతికి ప్రపంచమంతటా పేరు తెచ్చిన అమెరికన్ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ కూడా తన నక్షత్రాలు సాపేక్షాలే గాని నిరపేక్షాలు కావని 2004లో ఒక సమీక్షలో వొప్పుకున్నాడు. కొట్లాట సినిమాను కొట్లాట సినిమాతోనే పోల్చి వేస్తానన్నాడు. అంటే రెండు సినిమాలకు చెరి మూడు నక్షత్రాలున్నంత మాత్రాన అవి సమానం కావు. సమానం కానివాటికి ఒకే గుర్తు వేస్తే ఆ గుర్తుకు అర్థమేమిటి? ఇప్పుడు మన తెలుగు సమీక్షలలో అయిదుకు 2.75, 3.25 అని పావుల దాకా వచ్చింది. రెండున్నరకూ రెండుంముప్పావుకూ మధ్య వున్న ఆ పావు సినిమాలో ఏ రీలులో వుందో వేసినవారు చూపించగలరా? తూకం ఎంత సన్నమైతే కొట్టు అంత నిజాయితీ అనిపించటం పాత వ్యాపార సూత్రమే.

మార్క్సు చదివినవారికి ఇది విప్పి చెప్పనక్కరలేదు. చొక్కాకూ, గోధుమలకూ పోలిక కుదిరేది వాటి ఉపయోగాన్ని పక్కనపెట్టి మారకపు విలువగా చూసినప్పుడే. కళకు అంకె వేయటమంటే దానికి వున్న ప్రత్యేకతను పక్కనపెట్టి ధర కట్టటం. పెట్టుబడిదారీ పత్రికలు ఆ పని చేస్తే వాటి స్వభావం అది. మనం వర్గదృక్పథం అని ఒక గడి అదనంగా గీసి, అదే పనికి పూనుకుని, శాస్త్రీయం అని పేరు పెట్టుకుంటే ఏమనాలి?

మిత్రులు అంటారు: "గడులు విడగొట్టేది అందుకే కదా మాస్టారూ. మంచీ చెడ్డా వేరుచేసి చూడటం విశ్లేషణ కాదా?" విడగొట్టటం విశ్లేషణే. మళ్లీ కూడటమే పేచీ. మన గోదావరి మీద తీసిన మూగమనసులు (1964)నే తీసుకుందాం. పడవ నడిపే గోపి, జమీందారుగారి అమ్మాయి రాధ. ఈ జన్మలో కలవలేరు. నదిలో మునిగిపోతారు. మరో జన్మలో భార్యాభర్తలై అదే నది మీద పడవలో వస్తారు. మొన్న మనవాళ్లు దీనికి శాస్త్రీయ దృక్పథం కింద 15కు సున్న వేశారు. పునర్జన్మ మూఢనమ్మకం గనుక. వర్గదృక్పథం కింద 20కి 12 వేశారు. పేదవాడికీ జమీందారు బిడ్డకూ మధ్య గోడను చూపినందుకు. కూడితే 12. సున్న కలిపితే పోయేదేముంది, అంకె అంకెగానే వుంది!

కాని ఆ సున్నా, ఆ పన్నెండూ రెండు వేర్వేరు విషయాలా? ఆ సినిమాకు పునర్జన్మ ఎందుకు కావలసి వచ్చింది? ఆ పడవవాడికి ఆ అమ్మాయినిచ్చి ఈ జన్మలోనే పెళ్లి చేయటానికి ధైర్యం చాలలేదు గనుక. వాళ్లను విడదీసి ఊరుకోవటానికి మనసు రాలేదు గనుక. గోడ ఎంత గట్టిదో ఆ మూఢనమ్మకమే చెబుతోంది. ఒకటి రెండవదానికి కారణం. కారణాన్నీ కార్యాన్నీ చెరో గడిలో పెట్టి కూడితే వచ్చే మొత్తం ఏ నిజాన్నీ చెప్పదు.

ఇది నేను కనిపెట్టింది కాదు. 1964లో నాకు ఎనిమిదేళ్లు. మా అమ్మ నేల టిక్కెట్టులో నన్ను వొడిలో కూర్చోబెట్టుకుని ఆ సినిమా చూసింది. కూలిపని చేసుకునే మనిషి, అక్షరం ముక్క రాదు. చాలా ఏళ్లకు, నేను పంతులునయి, పునర్జన్మల గురించి ఆమెకు ఉపన్యాసం ఇస్తుంటే, వింటూ వింటూ అన్నది: "ఈ జన్మలో ఆ పిల్లని ఆడికి ఎవరిస్తార్రా అబ్బాయ్? అందుకనే ఇంకో జన్మ ఎత్తించారు." అప్పటికి నా పుస్తకంలో ఆ సినిమాకు 31 వుంది. విమర్శ మా అమ్మ చేసింది. నేను లెక్క రాశాను.

ఏంగెల్స్ 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరం మనలో చాలామందికి కంఠోపాఠం. రాచరిక పక్షపాతి అయిన బాల్జాక్ తన అభిమానాలకు విరుద్ధంగా, కూలిపోతున్న తన వర్గాన్ని వున్నదున్నట్టు చూపటం గురించి అందులో వుంది. మన పట్టికలో బాల్జాక్‌కు వర్గదృక్పథం గడిలో ఎంత పడుతుంది? లెనిన్ 1908లో టాల్‌స్టాయ్ మీద రాసినప్పుడు ఆయనలోని వైరుధ్యాలను ఒకదానికొకటి చెల్లు వేయలేదు; ఆ వైరుధ్యాలే ఆనాటి రష్యా రైతాంగపు వైరుధ్యాలని చూపాడు. వల్లించటానికి వీళ్లు కావాలి. పని చేసేటప్పుడు మాత్రం చిట్టా పద్దు.

ఇంటిపక్క సంగతి ఇంకొకటి చెబుతాను. సాక్షి (1967) తీసింది మన ఆత్రేయపురం మండలంలోని పులిదిండిలోనే. బాపు మొదటి సినిమా. స్టూడియోలో అట్టలతో కట్టిన పల్లెటూరు కాదు, నిజమైన పల్లెటూరు. హత్య చూసిన ఒక అమాయకుడు నిజం చెబుతాడు. చెప్పిన తర్వాత హంతకుడు తిరిగి వస్తున్నాడని తెలిసి, ఆ నిజం విని మెచ్చుకున్న వూరే అతణ్ణి ఒంటరిని చేస్తుంది. మనవాళ్ల సరాసరి 46. కారణం? సమష్టి పోరాటం లేదు, పరిష్కారం వ్యక్తిగతం. చూపదగని జాబితాలోకి పోయింది. ఒక వూరు భయంతో తలుపులు వేసుకోవటాన్ని ఇంత సూటిగా చూపిన తెలుగు సినిమాలు ఎన్ని వున్నాయి? సమష్టి ఎందుకు ఏర్పడలేదన్నదే అక్కడ ప్రశ్న. కరపత్రాలు పంచటానికి వీధిలోకి వెళ్లి, వేసిన తలుపులు చూసి తిరిగివచ్చిన మన కుర్రవాళ్లు దాన్ని గంటసేపు చర్చించవలసింది. చర్చించలేదు. అరవై దాటలేదు కనుక తెర మీదికే రాలేదు.

ఒక మిత్రుడు నన్ను గట్టిగానే నిలదీశాడు. "మెట్లు కట్టటం పాశ్చాత్య వ్యాపారం అంటారు. మన కోనసీమ ముంగండవాడే కదా జగన్నాథ పండితరాయలు! రసగంగాధరంలో కావ్యాన్ని నాలుగు మెట్లుగా విభజించలేదా?" నిజం. నాకు నచ్చిన వాదన, అందుకే దీని దగ్గర కొంచెం ఆగుతాను. మమ్మటుడు ఉత్తమం, మధ్యమం, అధమం అని మూడు చెబితే, 17వ శతాబ్దంలో పండితరాయలు ఉత్తమోత్తమం, ఉత్తమం, మధ్యమం, అధమం అని నాలుగు చేశాడు. అర్థం వల్ల చమత్కారం కలిగించేదాన్నీ, వట్టి శబ్దం వల్ల కలిగించేదాన్నీ మమ్మటుడు ఒకే మెట్టు మీద కూర్చోబెట్టటం ఆయనకు సహించలేదు. కాని చూడండి, ఆయన కొలిచింది దేన్ని? కావ్యంలో వ్యంగ్యానికీ వాచ్యానికీ వున్న సంబంధాన్ని. అది ప్రధానమా, అప్రధానమా, అసలు స్ఫురిస్తుందా అని. కొలకర్రను ముందు మన చేతికిచ్చి, ఉదాహరణ పద్యం ముందుపెట్టి, ఎందుకు ఈ మెట్టో వాదించి, ఎదుటివాడి వాదాన్ని ఖండించి గాని కదలడు. ఆ కొలకర్ర తప్పని మనం ఈనాడూ వాదించవచ్చు. శ్రమజీవుల పాట ఆ కొలతకు లొంగదని చెప్పవచ్చు. వాదించటానికి అక్కడ వీలుంది. 46తో ఎవడు వాదించగలడు? పైగా ఆయన అర్ధ మెట్టు, పావు మెట్టు అని ఎక్కడా అనలేదు. నాలుగు పేర్లు. అంతే.

నా మాటలు విని సంతోషించేవాళ్లు మరి కొందరున్నారు. "అదే మేమూ అంటున్నాం, ఎవరి రుచి వారిది, మంచి సినిమా చెడ్డ సినిమా అని వుండదు" అంటారు. వాళ్లతో నాకు ఏ పొత్తూ లేదు. రోజులు మారాయి (1955) భూమి గురించీ, కులాంతర వివాహం గురించీ జనం ముందు పెట్టిన మాటకూ, పేదవాణ్ణి నవ్వులాటకు మాత్రమే తెర మీదికి తెచ్చే సినిమాకూ తేడా నా నాలుక మీద వున్న రుచి కాదు. రైతుబిడ్డ (1939) మీద జమీందార్లు మండిపడ్డది రుచి భేదం వల్ల కాదు. తీర్పు చెప్పవలసిందే. తీర్పుకు కారణాలు చెప్పాలి. నిన్నటి తీర్పు మారితే ఎందుకు మారిందో కూడా చెప్పాలి. 78, 41, 66 అని మూడు అంకెలు వేసినందుకు నేను సిగ్గుపడటం లేదు. ఆ మధ్య సందుల్లో ఒక్క వాక్యం రాయనందుకు సిగ్గుపడుతున్నాను.

ఇంతకూ ఈ వ్యాసం రాయటానికి నన్ను పురికొల్పింది పాత సినిమాలు కావు. నిరుడు మన బృందంలో ఒక విద్యార్థి ఫోనుతోనే ఒక చిన్న సినిమా తీశాడు. 1931లో మన వాడపల్లి రథోత్సవంలో, రథం మీద గాంధీ పటం వుంచినందుకు పోలీసులు జనం మీద కాల్పులు జరిపి మనుషులను చంపిన సంగతి దాని వస్తువు. ఇన్నాళ్లకైనా ఒకరు పూనుకున్నందుకు నాకు కళ్లు చెమర్చాయి. పట్టిక ప్రకారం వస్తువుకు 40కి 40. వర్గదృక్పథానికి 18. మొత్తం 87. మనం ఇంతవరకు వేసిన మార్కులలో అదే ఎక్కువ. చప్పట్లు కొట్టాం.

ఆ సినిమా బాగాలేదు. ఇరవై నిమిషాలలో పద్నాలుగు నిమిషాలు ఒక గొంతు చరిత్ర చదువుతుంది. తూటా పేలక ముందు ఆ జనం ఎవరో, రథం తాడు పట్టుకున్న చేతులెవరివో, తిరునాళ్లకు పిల్లను చంకనేసుకుని వచ్చిన తల్లి ఏం చూసి నవ్వుతున్నదో మనకు తెలియదు. అందుకని వాళ్లు పడిపోయినప్పుడు మనకేమీ కాదు. చూస్తున్నవాళ్లలో ముగ్గురు ఫోన్లు తీశారు, నేను చూశాను. ఒక్కరమూ నోరెత్తలేదు. 87 వచ్చిన తర్వాత ఇంకేం మాట్లాడతాం? మర్యాదకు మర్యాదా, సిద్ధాంతానికి సిద్ధాంతమూ చెల్లిపోయాయి. ఆ కుర్రవాడు నాలుగు రోజుల తర్వాత మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, చాలాసేపటికి అడిగాడు: "మాస్టారూ, అందరూ అన్ని మార్కులేశారు గదండీ, మరి మా నాన్న ఎందుకు మధ్యలో లేచిపోయాడండీ?"

ఆ తండ్రికి జవాబు చెప్పగల విమర్శ మన దగ్గర ఆ రోజు లేదు. పట్టికకు ఆయన ఓటు లేదు, గడీ లేదు.

నేను కోరేది ఇది. ఆ కాగితం గోడ మీద నుంచి తీసేద్దాం. ఆ కుర్రవాడి సినిమా మళ్లీ వేసుకుందాం, ఈసారి అతని తండ్రిని కూడా పిలుద్దాం, ఆయన ఎక్కడ లేచాడో అక్కడ ఆపి మాట్లాడుకుందాం. ఆ తర్వాతి నెల సాక్షి. నా నోటుపుస్తకం కూడా తెస్తాను, రబ్బరుతో చెరిపిన పేజీలతో సహా, కావలసినవారు చూడవచ్చు. శనివారం మాత్రం వద్దు. ఆ రోజు ఏడు శనివారాల మొక్కువాళ్ల ప్రదక్షిణలతో వూళ్లోకి బస్సు కదలదు. ఆదివారం సాయంత్రం కూర్చుందాం.